నలభయ్యో పేజీ

నారిన్ కొండల మీద మార్చి ఇంకా మంచులోనే ఉంది.
బడి గుమాస్తా బురుల్ గిన్నెడు టీ తెచ్చింది:
పాలు, వెన్న, చిటికెడు ఉప్పు.
నా ఫ్లాస్కు చూపించాను.
మీ ఉప్పు తాగి మీ తప్పు రాయలేనమ్మా అని
అనలేదు. గొంతు బాలేదన్నాను.
ఈ ఉద్యోగంలో నేనాడే అబద్ధం అదొక్కటే.

రిజిస్టరులో అరవై టన్నుల బొగ్గు.
ఒకే సిరా, ఒకే చెయ్యి.
నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా
ఆ చేతికి ఒక్కసారి కూడా చలి వేయలేదు.

రిజిస్టరు మూసి బయటికి నడిచాను.
కనుమ దగ్గర గేటు కాపలావాడి నోటుబుక్కులో
లారీలు ఆరు కాదు, నాలుగు.
షెడ్డులో కర్ర నిలబెట్టి కుప్ప కొలిచాను.
గుంటలో దిగి బూడిద కొలిచాను.
బూడిదకు ఎవరూ లంచం ఇవ్వరు.
వచ్చింది నలభై ఒకటి.
తక్కిన పంతొమ్మిదీ కాకిలెక్క,
రంగు కూడా సరిపోయింది.

సంతకం పెట్టిన తొక్తోసున్
జిల్లా ఆఫీసులో, రేడియేటరు పక్కన
చొక్కా చేతులు మడిచి కూర్చుంటాడు.
అతని పేరు రాయడానికి చెయ్యి తడబడదు.

తడబడింది సగిన్‌బెక్ దగ్గర.
బాయిలరులో బొగ్గు వేసే మనిషి,
గోళ్లలో ముప్పై శీతాకాలాలు.
అడగకముందే చెప్పాడు:
"మూడు టన్నులు నేనే తీశాను.
రాత్రిళ్లు, గాడిద బండి మీద."
ఎక్కడికి?
కాన్పుల ఆసుపత్రి వైపు గడ్డం ఎత్తాడు.

నమ్మడం నా పని కాదు.
నమ్మకపోవడమూ కాదు.
వెళ్లాను. నర్సు జైనెప్ జ్వరం చార్టులు తీసింది.
అంచుల్లో పెన్సిలుతో గది వేడి రాసుంది.
జనవరి పదకొండు: నాలుగు డిగ్రీలు.
పన్నెండు: నాలుగు.
పదమూడు: పదిహేడు.
ఆ వారం పుట్టినవాళ్లు ఐదుగురు.
ఐదు పేర్లూ చదివాను,
అది మాత్రం పద్ధతిలో లేదు.

రాత్రి, కోటు విప్పకుండా రాశాను:
"మూడు టన్నులు. రసీదు లేదు. అనుమతి లేదు.
అనుబంధం ఏడు చూడండి."
అనుబంధం ఏడు ఆ పెన్సిలు అంచులు.
ఒకచోట 'పాపం' అని రాసి కొట్టేశాను.
మా రాతలో విశేషణానికి చోటుండదు,
వరుసకు ఉంటుంది.
పంతొమ్మిది మొదటి పేజీకి వెళ్లింది,
మూడు నలభయ్యో పేజీకి.

పొద్దున బస్సు దగ్గర సగిన్‌బెక్ నిలబడి ఉన్నాడు.
"నా పేరు రాశావా?"
రాశాను.
తల ఊపాడు.
"తండ్రి పేరు కూడా రాయి.
మా ఊళ్లో ఇద్దరు సగిన్‌బెక్‌లం.
రెండోవాడికేం తెలీదు."