సుద్దగీత

చీమకుర్తికి నాలుగక్షరాలు.
కంపైలర్ తొమ్మిదని లెక్కేసింది.
గుడులూ కొమ్మూ వత్తూ విడివిడిగా ఎంచి
తప్పు ఇక్కడుందని బాణం గుర్తు పెడితే
అది ఐదు గళ్లు దాటి ఖాళీలో పడింది.

రాత్రి షిఫ్టు. అవతల రంపం రాయిని కోస్తుంది.
ప్యానెల్ గదిలో స్టూలు మీద లాప్‌టాప్,
మీటల సందుల్లో బూడిదరంగు పొడి.
మస్తాన్‌వలి తొంగిచూశాడు.
ఇరవయ్యేళ్లుగా నల్లపలకల్ని వేలి కణుపుతో కొట్టి విని
పగులు చుట్టూ సుద్దతో సున్నా చుట్టే మనిషి.
"పగులొకచోట, గీతొకచోటా?
నేనట్టా గీసుంటే రెండోరోజే పంపేసేవోళ్లు గదబ్బయ్యా!"

పదకొండు లైన్లు రాసి పంపాను.
నాలుగోరోజుకి, నాకు పలకడం రాని పేరున్న ఒకరు
టెస్టు ఏదని అడిగారు.
ఏడో లైను చివర ఒక ఖాళీ ఎక్కువుందన్నారు.
ఏమీ లేనిదాన్ని కూడా తప్పు పడతారా అని
ఒక పూటంతా మండిపడి
చెరిపేశాను.

టెస్టుకో మాట కావాలి. ఏదైనా పర్లేదన్నారు.
చీమకుర్తి అని కొట్టి
ర్తి కింద, సరిగ్గా ర్తి కిందే, బాణం నిలబెట్టాను.

కలుపుకున్నారు,
మంగళవారం, ఇక్కడ కరెంటు పోయిన వేళ.

ఇక ఎవరు ఏ మూల ఒక్క లైను మార్చినా
ముందు మా ఊరిని నాలుగని లెక్కపెట్టాలి,
లేకపోతే గడప దాటనివ్వదు.

వలికి చెప్పాను.
చెయ్యి లుంగీకి తుడుచుకుని
స్క్రీను మీద కణుపుతో ఒక్కటి కొట్టి
చెవి పెట్టాడు.