దీర్ఘం

వాడ్సోలో జనవరి మొదటివారం.
పగలు పన్నెండింటికి కిటికీ బయట
నీలిసిరా ఒలికిన గాజు.
కోర్సు గదిలో పదకొండుమందిమి,
రేపో మాపో షిఫ్టు నాయకులం కాబోయేవాళ్లం,
తడిబూట్లు గోడవార ఆరబెట్టి
మేజోళ్లతో కూర్చున్నాం.

రాగ్న్‌హిల్డ్ తూర్స్‌విక్ తెర వెలిగించలేదు.
ముప్ఫయ్యేళ్ల సర్వీసు, కోసి కుట్టిన మోకాలు.
సంచిలోంచి తీసింది పుస్తకం కాదు,
యాలకుల బన్నుల డబ్బా.
"నిజాయితీ అంటే ఏమిటో రాయమనను.
అది మీ అందరికీ నోటికొచ్చు.
చీటీ మీద ఒక పేరు రాయండి.
మీరు తప్పు చేసినా
ఎవరూ ఏమీ అనని రోజున
మీ ఎదుట ఉన్న మనిషి పేరు."

కాసేపు నవ్వాం.
పెళ్లాం పేరు రాస్తానన్నాడు తోర్‌గేర్.
తర్వాత హీటరు చప్పుడొక్కటే.

తొమ్మిదేళ్ల కిందటి రాత్రి.
పెట్రోలు బంకు వెనక, మంచుస్కూటరు పక్కన
తూలుతున్న రెయిన్‌డీర్ల కాపరి.
మాట ముద్దముద్దగా. ఒళ్లంతా చెమట,
మైనస్ పద్దెనిమిదిలో చెమట!
తాగాడు, అన్నాడు మా జట్టు పెద్ద.
వాసన లేదు, అంది నా ముక్కు.
ముక్కుకంటే ఆయన పెద్దవాడు కదా.
'మత్తులో ఉన్నాడు' అని కొట్టాను.
ఆ రెండు ముక్కలూ నావే,
వాటికి ఇంకెవరూ వాటాదారు లేరు.

తెల్లారి అనకూడదు, అక్కడ తెల్లారలేదు.
ఏడింటికి నర్సు వచ్చింది.
ఒంట్లో చక్కెర పడిపోయిందంది.
బతికాడు.
ఫిర్యాదు చేయలేదు.
టోపీ అందుకుని, తన పేరున్న కాగితం వంక చూసి
"నా పేరులో దీర్ఘం ఉంది" అన్నాడు.
మాహ్తె. నేను కొట్టింది మహ్తె.
అచ్చయిపోయింది, అన్నాను.
ఆయనతో నేనన్న ఆఖరి మాట అది.

చీటీ మీద రాశాను, దీర్ఘంతో సహా.
చీటీలు పోగుచేస్తుందనుకున్నాం. చేయలేదు.
"జేబులో పెట్టుకోండి,
ఉతికేముందు తీసి చూసుకోండి"
అంటూ బన్నులు పంచింది.
నాకు సగమే దిగింది.
మిగతా మూడు రోజులూ
ధైర్యం గురించి, కోపం గురించి,
పై అధికారికి కాదని చెప్పడం గురించి మాట్లాడుకున్నాం.
నోట్సు రాసుకున్నాను.
ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

మార్చిలో నా మొదటి రాత్రి షిఫ్టు.
కుర్రాడు యూస్టైన్ రిపోర్టు తెచ్చాడు.
సంతకం పెట్టాల్సింది నేను.
'మత్తులో ఉన్నాడు.'
"వాసన చూశావా?"
"అందరూ అదే అన్నారు, ఓడ్‌హిల్డ్."
"అందరికీ ముక్కులున్నాయిలే. నీది ఏమంది?"
చెవులదాకా ఎర్రబడ్డాడు.
"పేరెలా రాస్తారో ఆయన్నే అడిగావా?"
"కంప్యూటరు ఆ గుర్తు తీసుకోదు."

ముందు సెల్ తలుపు తీశాం.
నీళ్లిచ్చి, నాడి పట్టి, వేలు పొడిచి చక్కెర చూశాం.
ఈయన నిజంగానే తాగాడు,
గుమ్మంలోనే గుప్పుమంది.
యూస్టైన్ నా మొహం చూశాడు,
'చూశారా' అనలేదు గానీ, అన్నట్టే.

అయినా కుర్చీ లాక్కున్నాను.
ఇద్దరం కీబోర్డు మీదికి వంగి
ఆ చిన్న గీత ఎక్కడుందో వెతుకుతున్నాం.
లోపలినుంచి ఆయన
గొంతెత్తి, సాగదీసి సాగదీసి
తన పేరు చెబుతున్నాడు.