మధ్య పిన్ను

మా చిలోయే దీవిలో వాన ఆగదు,
కాస్త తగ్గుతుంది, అంతే.
తగ్గినప్పుడే పడవలకు పని.

ఎదువీనా నవెల్కిన్ షెడ్డులో
పొద్దున్నే మొదట పట్టేది రంపం కాదు.
ప్లగ్గు ఊడదీసి
ఇరవై అయిదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ తీగను
రెండు వేళ్ల మధ్య నుంచి
ఆ చివరి దాకా జార్చాలి,
పేను కోసం పాయ పాయ విడదీసే అమ్మలా.
ఎక్కడైనా గీత, పగులు, ఎలుక పన్ను తగిలితే
వేళ్లు ఆగిపోతాయి.
ఆ తీగకి ఆ రోజు సెలవు.
టేపు చుడదాం అన్నాను, చేరిన వారంలో.
"పుండు మీద కాగితం" అంది.

కావలసింది నాలుగు మీటర్లే అయినా
చుట్టంతా విప్పమనేది.
ఎందుకని అడిగితే మాట్లాడలేదు.
విప్పకుండా అరగంట గ్రైండరు నడిపించి
చుట్ట మీద నా చెయ్యి పెట్టించింది.
అప్పుడే కోడి లేచిన గంపలా
వెచ్చగా ఉంది.
"ఇంకో గంట ఆగు,
పొగ పొదుగుతుంది."

మా ప్లగ్గుకి మూడు పిన్నులు,
ఒకే వరసలో,
ఫొటోకి నిలబడ్డ అన్నదమ్ముల్లా.
మధ్యవాడు ఏ పనీ చెయ్యడు.
అందుకే కాబోలు
రెండు కంతల సాకెట్టు ఎదురైతే
పట్టకారుతో ముందు వాడి మెడే విరుస్తారు.

పక్క షెడ్డు లాదిస్లావో ఇచ్చిన
నారింజ రంగు తీగ అలాంటిదే.
చూశాను.
చూసి కూడా పెట్టాను,
స్తంభం దగ్గరి పాత సాకెట్టులో,
ఆమె వాడొద్దన్న దానిలోనే.
సముద్రం పోటు మీద ఉంది.
పడవ అడుగున ఒక్క పలక మిగిలింది,
పలకలో ఆరు బెజ్జాలు,
పది నిమిషాల పని.
పది నిమిషాలన్న మాట
ఎంతమందిని తిన్నదో
లెక్క ఎవరి దగ్గరా లేదు.

మోకాళ్ల కింద ఇసుక తడిసింది.
ఇనప ఒంటి డ్రిల్లు, తాతలనాటిది.
మొదట అరచేతిలో చీమ నడిచినట్టు.
చీమే అనుకున్నాను.
తర్వాత చెయ్యి నాది కాదు.
వదలాలనుకున్న కొద్దీ
వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.
నోరు తెరిచాను,
పేరు బయటికి రాలేదు.

ఎదువీనా నన్ను చూసింది.
చూసి, వెనక్కి తిరిగి
పరిగెత్తింది.

అరవై మూడేళ్ల మనిషి, రబ్బరు బూట్లలో,
నాకు వీపు చూపిస్తూ.
ఆ రెండు క్షణాలూ పోగొట్టుకోలేదు నేను:
పళ్ల మధ్య రాగి రుచి,
దూరమవుతున్న పచ్చ స్వెటరు,
వదిలేసి పోతోందన్న కోపం.

టక్.

గోడ మీద పెట్టె మూత ఊగుతోంది.
నేను ఇసుకలో. డ్రిల్లు ఇసుకలో.
వాన మళ్లీ మొదలైంది.

గుండె చూపించాలని ఆసుపత్రికి
వ్యానులో తీసుకెళ్తూ దారంతా తిట్టింది,
నన్ను, లాదిస్లావోని, పోటుని, పడవ యజమానిని.
రేవు మలుపులో ఆపి
కుడి అరచెయ్యి తెరిచి చూపించింది.
గీతలుండాల్సిన చోట నున్నటి తెల్ల తోలు.
"అమాదేవు. మా తమ్ముడు.
ఆ రోజు నేను మనిషి వైపు పరిగెత్తాను."
ఇంకేం అనలేదు.
వైపర్లు అటూ ఇటూ.

నారింజ తీగను మూరెడు మూరెడు ముక్కలు చేసింది,
ఎవరికీ అతికే ఆశ పుట్టనంత పొట్టిగా.
లాదిస్లావోకి కొత్తది కొనిచ్చింది,
నా జీతంలోంచి.
స్తంభం సాకెట్టు ఊడబెరికింది.
పెట్టెలో ఇప్పుడొక కొత్త స్విచ్చుంది,
కరెంటు చిటికెడు దారి తప్పినా
కళ్లు మూసేసుకుంటుంది.
నెల మొదటి సోమవారం
బొత్తాం నొక్కి దాన్ని చంపి
మళ్లీ బతికిస్తాను. అది నా వంతు.

తెగిన ప్లగ్గు మాత్రం
తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది.
నిన్న, కొత్తగా చేరిన యెస్సేనియా
దాన్ని తిప్పి చూసి అడిగింది,
ఆ మధ్యది ఏం చేస్తుందని.
ఏమీ చెయ్యదన్నాను,
ఒక్క రోజు తప్ప.
తీగ చేతికిచ్చి
ఆ చివరి నుంచి మొదలుపెట్టమన్నాను.