కాలిపోయిన మూడో రీలు

ఎర్రగుంట్లలో పాలిష్ మిషన్లు ఆగిన రాత్రి
సిమెంటు సంచులు తిరగేసి కుట్టి
దస్తగిరి తెర కట్టినాడు.
పెళ్ళి వీడియోలకు కొన్న ప్రొజెక్టరు,
దాని కింద ఎత్తుకు నాలుగు పగిలిన నాపరాళ్ళు.

జపాను సినిమా. నలుపూ తెలుపూ.
"రంగు ల్యాకపోతే ఏమప్పా,
మనూరికి మాత్రం ఏం రంగుంది" అన్యాడు ఓబులేసు,
రెప్పల మీది పొడి తుడుచుకుంటా.

కింద ఇంగ్లీషు అక్షరాలు ఉరుకుతాంటే
నేను చదివి మన మాటలో చెప్పాల.
ఆ రాత్రికి అదీ నా కూలి.

ఆ పట్నంలో ఆకాశాన్ని గుత్తకిచ్చినారు.
మనిషికి జానెడు ముక్క,
రేకు డబ్బాలో పెట్టి, తాళమేసి.
తాళంచెవి ఆఫీసులో ఉంటుంది.
ఆఫీసు యాడుందో
డబ్బా మూతకు లోపలిపక్క రాసుంటుంది.

"మా పాసుబుక్కు కథే ఇది" అనింది వెనకనించి సుంకమ్మ.
ఎవరూ నవ్వలేదు.

ఒక గుమాస్తా. మబ్బులకు ముద్ర కొట్టడం వాని పని.
కొట్టీ కొట్టీ అరచెయ్యి చెక్కయింది,
మెడ కింద సొరుగు మొలిచింది.
రాత్రిపూట పెండ్లాం ఆ సొరుగు లాగి
రేపటి బువ్వకు చిల్లర వెతుకుతాది.
వాడు నిద్రలోనే మూసుకుంటాడు.
వాని నుదుటి మీద, సంచి అడుగునించి,
తిరగబడిన అచ్చు: 53 గ్రేడు.
అది సినిమాలోది కాదని నేను చెప్పలేదు.

తీసినాయన పేరు తొకుజి హిసానో.
సీడీ అట్ట మీద చిన్నక్షరాల్లో ఆయన బతుకు.
పదకొండు చలికాలాలు ఈ ఒక్క సినిమా.
అమ్మ కుట్టుమిషను అమ్మి ఫిల్ము కొన్నాడు,
మూతబడిన బొగ్గుగనిలో పట్నం కట్టినాడు
అట్టపెట్టెలతో, సైకిలు చక్రాలతో,
వాన కావాల్సినచోట పైనించి నూకలు పోసి.
మూడో రీలు కాలిపోయింది.
మళ్ళీ తీయలేదు. అతికించి దాచనూ లేదు.
ఆ ఏడు నిమిషాలు వట్టి తెలుపే వదిలినాడు.
ఆ పైన ఊరికి పోయి
గొడుగులు బాగుచేసుకుంటా బతికినాడంట.

గుమాస్తా డబ్బా మూతకు చెయ్యేసినాడు.

తెలుపు.

దస్తగిరి లేసి వైర్లు పీకబోయినాడు.
ఇదీ సినిమానే, కూచో అన్నాను.
చదవను అక్షరాలు లేవు. నోరు మూసుకున్నాను.

అప్పుడు కనబడింది
వెలుతురు గొట్టంలో మా పొడి.
పగలంతా కోసిన రాయి,
ఒకరి ఊపిరిలోంచి ఇంకొకరి ఊపిరిలోకి
దారి తెలిసినట్టు పోతా ఉంది,
వానకంటే నిదానంగా.
ఓబులేసు దగ్గినాడు.
తెర మీద మబ్బు కదిలింది.
మళ్ళీ దగ్గినాడు, ఈసారి కావాలనే.
ఇంక పిల్లోళ్ళు ఆగుతారా,
తుండ్లు ఇదిలించినారు, తలకాయలు ఇదిలించినారు,
ఎంత మబ్బో, ముద్ర లేని మబ్బు,
గుత్తకు పోని మబ్బు.

సుంకమ్మ నడుచుకుంటా పోయి వెలుతుర్లో నిలబడింది.
చెయ్యి వెల్లకిలా చాపింది,
చినుకేమన్నా పడతాందా అని చూసేవాళ్ళ మాదిరి.
ముప్పై ఏండ్లు రాయి మోసిన నీడ
తెరకు చాలలేదు, గోడెక్కింది.
"డబ్బాలో ఏముండె నాయనా?"
నాకేం తెలుసు.
తెలిసినాయన యాడో గొడుక్కమ్మి వంచుతా ఉంటాడు.

బొమ్మ మళ్ళీ వచ్చినప్పుడు ఆమె వీపు మీద పడింది.
గుమాస్తా మొగం రవికె మడతల్లో
ఏడుస్తాందో నవ్వుతాందో.
డబ్బా మూసే ఉంది.
ఆమెను పక్కకు జరగమని ఎవరూ అనలేదు.
మిగిలిన సినిమా అంతా ఆమె మీదనే చూసినాము.

తెల్లారి కుట్లు విప్పి మళ్ళీ సంచులు చేసినాము.
ఓబులేసు తట్ట ఎత్తుకుంటా అడిగినాడు:
"సోమారం ఇంకోపారి ఎయ్యప్పా.
అంతా వద్దు, ఆ తెల్లది మటుకు."
ఎనిమిదికి మిషన్లు లేసినాయి.
వాడు ఇంకా ఏదో అన్యాడు, వినబడలేదు.