అర గ్రౌండు

నా పేర ఉన్నది అర గ్రౌండు, అదీ పడప్పైలో.
ముంపు నేల, పునాదికే నాలుగు లారీల మట్టి మింగుతుందట.
కలకి మాత్రం నూట అరవై ఎకరాలు కావాలి,
అంతా ఇసక, అంతా గాలి,
నీడకని ఒక్క చెట్టు ఉండకూడదు.

మెట్రో వాటర్‌లో ఇరవై తొమ్మిదేళ్లు
భూమి కింద పైపులు గీశాను.
వాలు ఎంత, నీళ్లెటు పోతాయి:
నాకొచ్చిన విద్య అంతే.
రిటైరయ్యాక అదే పెన్సిలు భూమ్మీదకొచ్చింది.
కోవళం దాటాక, సరుగుడు తోపుకీ అలకీ మధ్య
ఒకటో గుంట, రెండో గుంట...

పదమూడేళ్లప్పుడు గిండీలో సంచులు మోశాను,
సంచికి రెండు రూపాయలు.
ఓసారి బంతి చెట్లలో పారేసుకుని
పెరియతంబి గారు మొహం తుడుచుకుంటూ అన్నాడు:
"ఇది తోట రా. అసలుది సముద్రం పక్కనుంటుంది.
దాన్నెవరూ కట్టరు. వెతికి పట్టుకుంటారు."
యాభై ఏళ్లయింది, ఆ ఇసక ఇంకా నా చెప్పులోనే ఉంది.

అందుకే నేనేమీ కట్టను.
తెప్పలు లాగి లాగి పడిన పల్లం,
అదే మూడోదాని బంకరు.
రావణాసురుడి మీసాలు మొలిచిన దిబ్బ ఎక్కితే
ఏడో జెండా కనిపిస్తుంది,
ఎక్కనివాడు నమ్మకంతో కొట్టాలి.
బాలబంది తీగలో పడ్డ బంతిని
పువ్వు రాలకుండా తీయాలి, అది నా రూలు.
గడ్డి కోతకి కుప్పమ్మ మేకలు. జీతం, ఆ గడ్డే.
పదకొండోది జనవరి నుంచి మూడు నెలలు మూత.
తాబేళ్ల గుంటలు మన గుంటలకన్నా పాతవి.

ఒంటిగంటకి సముద్రపు గాలి లేస్తుంది.
పొద్దున చిన్న దెబ్బకి అందిన జెండా
అప్పుడు ఒళ్లంతా విరుచుకు కొట్టినా అందదు.
ఒకే నేల, రోజుకి రెండు కోర్సులు,
పైసా ఖర్చు లేకుండా.

ఇందుమతి కళ్లజోడు పెట్టుకుని అంతా చూసి
"కార్లెక్కడ పెడతారు?" అంది.
అది గీయలేదు.

మొన్న, పుదుప్పేటలో నూటయాభైకి కొన్న
ఏడో నంబరు ఇనుప కర్ర, చంకలో ప్లాను,
బస్సెక్కి వెళ్లాను.
పద్నాలుగో గుంట ఉండాల్సిన చోట
వల బాగుచేసుకుంటూ దేశప్పన్,
ఏం పోగొట్టుకున్నావని అడిగాడు.
కాగితం ఇచ్చాను.
తిప్పి చూశాడు, మళ్లీ తిప్పాడు,
సూది పట్టుకున్న చేత్తోనే నీళ్లలోకి చూపించాడు.
పోయిన ఐప్పసి తుఫానుకి కోసుకుపోయిందట.
"నీ జెండా దగ్గర ఇప్పుడు మేం లంగరేస్తున్నాం."

ఇసకలో కూర్చుని జేబులోంచి రబ్బరు తీశాను.
పద్నాలుగుని ముప్పై గజాలు లోపలికి జరిపాను.
పదిహేను ఇరుకైంది.
పదహారు వంకర తిరిగింది,
నిజం చెప్పాలంటే మునుపటికన్నా బాగుంది.
చెరిపిన పొట్టు ఊదబోతే
అప్పటికే ఎగిరిపోయింది.

ఎప్పుడు మొదలెడతావు, అన్నాడు దేశప్పన్,
వల మీంచి తలెత్తకుండా.
పన్నెండున్నరయింది.
ఇంకో అరగంటలో, అన్నాను.