అర అంగుళం ఎడం

షార్జా సనయ్యల పదో నంబరు గల్లీ.
మా షెడ్డు ముందట బోర్డు లేదు.
ఊరందరికీ బోర్డులు చేసెటోళ్లం,
మనకెందుకు బోర్డని సేఠ్ నవ్వుతడు.

పదకొండేండ్ల నుంచి పేర్లు కోస్తున్న:
దవాఖానలు, బంగారం దుకాన్లు,
ఒక షేక్ గారి గుర్రాలశాల,
మూడు నెలలకే మూతపడ్డ మంది హోటలు.
అరబ్బీ చదవరాదు నాకు,
కానీ ఏ అక్షరం ఏ మూల చెయ్యి కోస్తదో ఎరుక.

మొన్నటి ఆర్డరు అమెరికాకు.
నీళ్ల మీద నెల రోజుల తొవ్వ.
అక్కడ లేరా చేసెటోళ్లు అంటే
అక్కడ చేతులు పిరం అన్నడు షిజు.
కాగితం పట్టుకొని కూడబలుక్కున్న:
ఆర్నెటా పెట్‌వే నగర భవనం.
"పేరుల నాలుగు టీలున్నయి" అన్న గట్టిగ.
కేంటీన్ పోరడు బాబుల్ ఉరికొచ్చి
నాలుగు గ్లాసులు పెట్టిపోయిండు.

ఫైలుల ఒక ఫోటో.
నల్లటి ఆడమనిషి, పసుపుపచ్చ టోపీ,
నవ్వాల్నా వద్దా అని ఆగిన పెదవులు.
ఆ ఊరికి మేయరైన మొదటి నల్లజాతి మనిషట.
షిజు ఫోనుల చదివి చెప్పిండు:
చిన్నప్పుడు నీళ్ల బిల్లు కట్టనీకి
తల్లి కొంగు పట్టుకున్నట్టు గౌను పట్టుకొని పోతే
వాళ్లకు ఎనక కిటికీ మాత్రమే తెరిచేటోళ్లట.
వాన పడ్డా అక్కడనే నిలబడాలె.
ఇప్పుడు అదే భవనం ముందటి గోడ మీద
ఆమె పేరు, ఒక్కో అక్షరం రెండడుగుల ఎత్తు.

మిషిన్ బంద్ చేసిన.
ఎందుకో చెప్పరాదు.
రేకు చల్లారనీ అన్న షిజుతోని.

మా ఊర్ల మొదటిసారి
మాదిగోళ్లకు రిజర్వైన సర్పంచ్ కుర్చీ
మా మేనత్త పోశవ్వది.
కుర్చీ అంటే మాటకు.
ఉపసర్పంచ్ దాని మీద తువ్వాల ఆరేసెటోడు.
ఆమె గడప పక్కన కూసొని సంతకం పెట్టేది,
నెల రోజులు పుల్లతోని మట్టిల దిద్ది నేర్చిన సంతకం.
కలెక్టరాఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో గాని
వాగు అవతలి వాడకు నల్లా తెచ్చింది.
పంచాయతీ బిల్డింగు కట్టించింది.
శిలాఫలకం మీద మంత్రి పేరు, ఎమ్మెల్యే పేరు,
వాళ్ల జీపుల వచ్చినోళ్ల పేర్లు,
అట్టడుగున ఆమెది.
సున్నం వేసినప్పుడల్ల బ్రష్షు
జరంత కిందికి జారేది.
ఇప్పుడు వేళ్లతోని తడిమితే తప్ప దొరకదు.

ఎవరు చెరిపిండ్రని అడిగితే
ఎవరూ చెరపలేదంటరు.
నిజమే. సున్నమే.

పద్నాలుగు అక్షరాలు.
అద్దమయ్యేదాంక రుద్దిన.
ఒక్కోదాంట్ల నా మొఖం ఒక్కో తీరుగ,
చివరి వైల రెండుగ చీలి.
ఎనకకు బోల్టులు బిగిస్తం.
గోడకు అర అంగుళం ఎడం ఉంచాలె,
నీడ పడాలె, పేరు గోడ మీదికెల్లి లేచినట్టుండాలె.
ఆ అర అంగుళం లోపలికి
సాలెపురుగు పోతది, వాన పోతది.
మనిషి కన్ను పోదు.

చివరి వైని బోర్లించి
మేకుతోని గీకిన.
నిలువు గీతలకు అలవాటైన చెయ్యి
ఒంపులు తిరగనన్నది.
వ కింద వత్తు రెండుసార్లు జారింది.
ఆమె సంతకంల కూడ
గా వత్తు ఎప్పుడూ గట్లనే జారేది.

పెట్టెల థర్మాకోలు, గోనెపట్ట.
షిజు వంగి చూసిండు.
"ఎనక ఏం రాసినవ్?"
"ఫిట్టింగ్ నంబరు" అన్న.
సరేనని
మూత మీద మేకు కొట్టిండు.