ఐదో మనిషి

మా చర్చి ముప్పై మందికని కట్టింది.
ఐస్‌లాండు పడమటి కొసన, సముద్రపు పాయ గట్టు మీద
ఎర్రరేకుల కప్పు,
గాలికి లేచిపోకుండా నాలుగు మూలలా
ఇనప గొలుసులతో నేలకి బిగించిన కప్పు.
ఇప్పుడు ఈ గట్టున పొగ లేచే ఇళ్ళు తొమ్మిది.
పాస్టరమ్మ రగ్నా కనుమ దాటి
నెలకొక్క ఆదివారం వస్తుంది.

పాత కట్టుబాటు ఒకటుంది మాకు:
బల్లల మీద ఐదుగురైనా లేకపోతే
ఆరాధన జరగదు.
రద్దయిందనం.
పడిపోయింది అంటాం,
మంచులో కాలుజారిన గొర్రెని అన్నట్టు.

నేను పెద్ద భక్తురాలినేం కాదు.
గొర్రెలు ఈనే రోజుల్లో దేవుడికంటే
పశువుల డాక్టరునే ఎక్కువసార్లు పిలిచాను.
అయినా గంట కొడితే వెళ్ళేదాన్ని.
ఏప్రిల్‌లో మా చెల్లెలి కూతురు ఇదున్ వచ్చి
రాజధానిలోని పెద్ద చర్చిని
నా ఫోనులో పెట్టి పోయింది.

ఏం కోయిరు! ఏం ఆర్గను!
మా ఆర్గనుకి రెండు మీటలు
చలికి గొంతు పోయి ఆరేళ్ళు.
ఉన్ని మేజోళ్ళ కాళ్ళు హీటరుకి చాపి
కాఫీ చప్పరిస్తూ విన్నాను.
నచ్చని చోట వేలితో ముందుకి నెట్టాను.
ప్రసంగాన్ని అలా నెట్టొచ్చని
అరవై ఏడేళ్ళకి తెలిసింది నాకు.
చివర్లో ఆయన
పక్కవాళ్ళకి సమాధానం చెప్పండి అన్నాడు.
పిల్లికి చెప్పాను.
అది సమాధానం చెప్పలేదు.

ఆ పూట ఇక్కడ నలుగురొచ్చారు.
కంచె తగువుతో పదకొండేళ్ళుగా మాటల్లేని
అన్నదమ్ములు స్నోరి, బ్రాగి,
ఒకడు ఈ కొసన, ఒకడు ఆ కొసన.
చేపల ఫ్యాక్టరీలో పనిచేసే పోలండు కుర్రాడు కాజిమియెష్,
వాళ్ళ మతశాఖ వేరు, మా భాష రాదు,
అయినా వస్తాడు.
ఇంకా హాల్‌ఫ్రిదుర్,
చలికాలంలో పోయిన మొగుడి కోటు తొడుక్కుని,
ఆ రోజు అతని పేరు చదువుతారని.

మూడుసార్లు గంట కొట్టారు.
మూడోది నాకూ వినపడింది.
ఫోను సౌండు పెంచాను.

గంటసేపు చూశారట.
కనుమ మీద మంచు మూసుకొస్తోందని
పాస్టరమ్మ లేచిందట,
చదవాల్సిన పేరున్న కాగితం మడిచి
జేబులో పెట్టుకుందట.

నన్నెవరూ ఏమీ అనలేదు.
మంగళవారం కొట్టు దగ్గర
పిండి సంచీ ఎత్తుకుంటూ హాల్‌ఫ్రిదుర్
"గాలి తగ్గింది" అంది.
"తగ్గింది" అన్నాను.
అంతే.
ఏమన్నా అని ఉంటే బాగుండేది.

మే నెల ఆదివారం
అన్ని గొర్రెలూ నిండు పొట్టలతో ఉన్నాయి.
దొడ్డి వదిలి వెళ్ళాను.
నేను కూర్చోగానే బల్ల కిర్రుమంది.
ఆ చప్పుడుకి పాస్టరమ్మ తలెత్తి,
పెదాలతో లెక్కపెట్టి,
ఐదు దగ్గర ఆగి,
పుస్తకం తెరిచింది.
ఇన్నాళ్ళూ వినడానికి వస్తున్నాననుకున్నాను.
లెక్కకి వస్తున్నానని తెలీదు.

పాట బాగా లేదు. అబద్ధం ఎందుకు?
నా గొంతు గీర, కాజిమియెష్ అరక్షణం వెనక,
అన్నదమ్ములు మాత్రం రెండు కొసల నుంచీ
ఒకే శ్రుతిలో. ఒకే తల్లి నేర్పిన శ్రుతి.
నా ముందు బల్లలో హాల్‌ఫ్రిదుర్ వీపు.
ఫోనులో వీపులుండవు, అన్నీ ముఖాలే.
పేరు చదివినప్పుడు
ఆ పెద్ద కోటు లోపల ఎక్కడో
ఆమె చిన్నగా కదలడం
నేనొక్కదాన్నే చూశాను.

సమాధానం చెప్పుకునే వేళ వెనక్కి తిరిగింది.
ఒక చేతికి తొడుగు లేదు, ఆ చేయే ఇచ్చింది.
మంచుగడ్డ.
"గాలి మళ్ళీ లేచింది" అంది.
"లేచింది" అన్నాను.
చెయ్యి వెంటనే వదల్లేదు.
పైన కప్పు గొలుసులు లాక్కుంటూ మోగుతున్నాయి.

ఇంటికొచ్చేసరికి ముసలి గొర్రె ఈనేసింది.
కవల పిల్లలు, లేచి తడబడుతూ పాలు తాగుతున్నాయి.
దానికి నా అవసరం లేకపోయింది.